ఆ గ్రిల్లు యాడ కొన్నారక్కా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో చందువా చేపని బొగ్గుల మీద కాల్చుకోవడం గురించి రాశానా, దానికి వచ్చిన ఉత్తరాలూ వాట్సాపులూ చూస్తే చేప సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు, అందరిదీ ఒకటే గొడవ, ఆ గ్రిల్లు యాడ కొన్నారు, ఎంతయింది, తక్కువలో మాక్కూడా ఒకటి చెప్పండి అని. సరే, ఈసారి పేజీ మొత్తం దానికే. ఒకే రకం ప్రశ్నలు చాలా వచ్చాయి కాబట్టి కొన్ని ఏరి పెట్టా.

ప్రశ్న: అక్కా, మాది కావలి. ఇంటి వెనక పెరడుంది, వేపచెట్టు కింద మంచి జాగా. ఇంట్లో ఆరుగురం, పండక్కి చెల్లెలు వాళ్ళొస్తే పది మందిమి అవుతాం. 3000 లోపు బొగ్గుల గ్రిల్లు ఒకటి కావాలి. ఆన్‌లైన్లో 1200 నుంచి 20 వేల దాకా ఉన్నాయి, అన్నిటికీ నాలుగు స్టార్లు పైనే, ఏది నమ్మాలో తెలీట్లా.

జవాబు: స్టార్ల సంగతి పక్కన పెట్టండి. పార్సిల్ విప్పి ఫొటో తీసిన రోజే జనం స్టార్లు ఇచ్చేస్తారు, గ్రిల్లు బండారం బయటపడేది నాలుగోసారి కాల్చినప్పుడు. నాది మూడోసారికే బయటపడింది. మూడేళ్ళ కిందట 1500 పెట్టి సూట్‌కేసులా మడిచే రకం ఒకటి తెప్పించా, కాళ్ళు విప్పితే నిలబడుద్ది, మూస్తే మంచం కిందకి పోద్ది, చూడ్డానికి ముద్దుగా ఉంది. మొదటిసారి మొక్కజొన్న పొత్తులు కాల్చాం, బానే ఉంది. రెండోసారి కోడి ముక్కలు, బొగ్గు కాస్త ఎక్కువేశామో లేదో అడుగు రేకు టప్‌మని మధ్యలో పైకి ఉబ్బింది, బొగ్గులన్నీ రెండు పక్కలకీ జారిపోయి అంచుల్లో ముక్కలు మాడి మసి, మధ్యలోవి పచ్చి. మూడోసారి సంక్రాంతికి, ఇంటి నిండా పిలకాయలు, ఒక కాలి స్క్రూ వదులై మొత్తం మెల్లగా ఒరిగింది, మా ఆయన పట్టుకోబోయి చెయ్యి కాలి వదిలేశాడు, నిప్పులూ సగం కాలిన ముక్కలూ అన్నీ ఇసకలో. పిలకాయలెవరికీ ఏం కాలేదు, అది చాలు, వీధి కుక్కకి మాత్రం మాకంటే ముందే పండగొచ్చింది. తర్వాత ఆ రేకుని చేత్తో వంచి చూశా, బిస్కెట్ డబ్బా రేకు కంటే ఏమంత మందం లేదు.

అందుకని నేను ఇప్పుడు ఏ గ్రిల్లు చూసినా ముందు రెండే చూస్తా, రేకు మందమెంత, గాలి తలుపులు ఎట్టా ఉన్నాయి అని. చక్రాలు, పక్కన ట్రే, ఊచలు తగిలించుకునే కొక్కేలు, థర్మామీటర్ లాంటి బిళ్ళ, ఇవన్నీ ఉంటే ఉన్నాయి లేకపోతే లేదు.

గాలి తలుపులేందంటారా, మన అమ్మమ్మల కుంపటి గుర్తు తెచ్చుకోండి. కింద చిన్న గూడు లాంటిది ఉండేది, దాని ముందు కూర్చుని తాటాకు విసనకర్ర ఊపితే పైన బొగ్గులు ఎర్రగా రేగేవి, ఆపితే బూడిద కప్పుకుని సన్నగిల్లేవి. గ్యాసు స్టవ్వయితే మర తిప్పుతాం, బొగ్గుకి అట్టాంటి మర లేదు, ఎంత గాలి అందితే అంత మండుద్ది. కాబట్టి గ్రిల్లుకి కింద గాలి వచ్చే తలుపొకటి, పైన మూత, మూతకి ఇంకో తలుపు, రెండూ జరుపుకునేలా ఉండాలి. పూర్తిగా తెరిస్తే మంట, సగం మూస్తే నిదానంగా సెగ, వంటయ్యాక రెండూ బిగించి మూసేస్తే గాలాడక నిప్పు దానంతటదే ఆరిపోద్ది, మిగిలిన బొగ్గు వచ్చే ఆదివారానికి పనికొస్తుంది. ఈ మడిచే రకాలకి చుట్టూ పూల డిజైన్లో కంతలు పెడతారు, అవి మూసే దారుండదు, ఇక మనం చేసేదేం లేదు, బొగ్గు దాని ఇష్టం వచ్చినట్టు మండి దాని ఇష్టం వచ్చినప్పుడు అయిపోద్ది.

మూత, గాలి తలుపుల వ్యవహారానికి చిన్న కథ ఉంది. అమెరికాలో షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్ అని ఇనప పనుల ఫ్యాక్టరీ ఉండేది, నీళ్ళ మీద తేలేసే ఇనప బోయాలు చేసేవాళ్ళు, మన కృష్ణపట్నం పోర్టు వైపు ఓడలకి దారి చూపించడానికి నీళ్ళలో తేలుతుంటాయి చూడండి అట్టాంటివి. అక్కడ పనిచేసే జార్జి స్టీఫెన్ అనే ఆయనకి ఇంటి దగ్గర గ్రిల్లు మీద గాలికి బూడిద లేచి మాంసం మీద పడుతోందని విసుగు. 1952లో ఒక బోయాని అడ్డంగా రెండు ముక్కలు చేయించి, కింది సగంలో బొగ్గు పోసి పై సగాన్ని మూత చేశాడు. ఇప్పుడు మనం కెటిల్ గ్రిల్లు అని పిలిచే గుండ్రటిది అట్టా పుట్టింది. అంటే అది కూడా వెల్డింగ్ షాపులోంచి వచ్చిందే, అది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దానికే వస్తా.

మీ 3000కి ఆన్‌లైన్లో వచ్చేది 14 అంగుళాల చిన్న కెటిల్. నేను మా చెల్లెలి ఇంట్లో చూశా, మూత ఉంది, తలుపులున్నాయి, పని చేస్తది. కానీ దాని మీద లెగ్ పీసులు ఏడో ఎనిమిదో పడతాయి, అంతే. మీరు పది మంది. మొదటి వాయి తిన్నవాళ్ళు చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకున్నాక రెండో వాయి వస్తుంది. ముగ్గురు నలుగురు ఉన్న ఇంటికైతే కళ్ళు మూసుకుని అది తీసుకోమంటా, మీకు మాత్రం వెల్డింగ్ షాపే. 20 వేలవి బాగుంటాయి, కాదనను, గాజు లాంటి ఎనామిల్ పూత (పెయింట్ కాదు) ఉంటది కాబట్టి అంత తేలిగ్గా తుప్పు పట్టవు, ఏళ్ళ తరబడి వస్తాయి, అయితే ఏడాదికి పదిసార్లు కాల్చుకునే ఇంటికి అంత పెట్టమని నేనైతే చెప్పను.

నాది ఒంగోల్లోనే చేయించా. షాపాయన ముందు నమ్మలేదు, దేనికక్కా, దోమలకి పొగేసుకోవడానికా అన్నాడు. పేపరు మీద గీసి చూపించా. పొడుగు 24 అంగుళాలు, వెడల్పు 14, లోతు 8. పెట్టెకి 16 గేజి ఎమ్మెస్ షీటు, అంటే ఏ పూతా లేని మామూలు ఇనప రేకు, ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు మందం. మూతకి 18 గేజి చాలు, ఎత్తడానికి బరువు కాకుండా ఉంటది. అడుగున కాకుండా ఒక అంగుళంన్నర పైన బొగ్గులు నిలవడానికి ఇంకో జల్లెడ లాంటి ఊచల చట్రం, ఇది మర్చిపోవద్దు, బొగ్గు నేరుగా అడుగు రేకు మీద పోస్తే కింద నుంచి గాలాడదు, బూడిదలోనే ఊపిరాడక చస్తది. ఆ బొగ్గుకీ పైన ముక్కలు పెట్టే జాలీకీ మధ్య నాలుగైదు అంగుళాలు ఎడం. జాలీకి 6 మిల్లీమీటర్ల ఊచలు, ఊచకీ ఊచకీ మధ్య చిటికెన వేలు దూరకూడదు, ఎందుకంటే నా పాత గ్రిల్లు జాలీలోంచి అర కేజీ వనామి రొయ్యల్లో పావు కేజీ నిప్పుల్లో పడ్డాయి, ఆ వాసనకి వీధంతా ఆకలేసింది గానీ మేం తిన్నది లేదు. రెండు చివర్లా కింద ఒక్కో జరుపుడు తలుపు, మూతకి ఒక తలుపు, నాలుగు కాళ్ళకీ యాంగిల్ ముక్కలు. వాళ్ళు కేజీ లెక్కన కడతారు, ఇనుమూ కూలీ కలిపి. మొత్తం తూకమేస్తే 18 కేజీల చిల్లర వచ్చింది, కేజీకి 140 చొప్పున 2600 లోపే అయిపోయింది. మీ దగ్గర రేటు పదో ఇరవయ్యో అటూ ఇటూ ఉన్నా 3000 దాటకూడదు, దాటితే ఇంకో షాపు చూడండి.

ఒక్కచోట మాత్రం షాపాయనతో గొడవ పడ్డా. ఆయన మంచికే, జీఐ షీటు వేస్తానక్కా తుప్పు పట్టదు, తళతళా ఉంటది అన్నాడు. వద్దే వద్దు. జీఐ అంటే ఇనుము మీద జింకు పూత, జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుద్ది, ఎర్రగా రేగిన బొగ్గు దానికంటే చాలా వేడి, ఆ పూత మాడి పొగై మన ముక్కలకీ ముక్కులకీ అంటుకుంటది. అన్నా, జీఐ వెల్డింగ్ చేసిన రోజు రాత్రి నీకు వణుకు జ్వరం రాదా అని అడిగా. నవ్వి, వస్తదక్కా, పాలు తాగి పడుకుంటాం అన్నాడు. మరి అదే నాకు పెడతావా అంటే మారు మాట్లాడకుండా ఎమ్మెస్ షీటు తీశాడు. ఎనామిల్ పెయింట్ కూడా వేయించొద్దు. ఊరికే తీసుకొచ్చి గ్రీజు పోయేలా సబ్బుతో కడిగి, ఆరాక లోపలా బయటా పల్చగా నూనె రాసి, ముక్కలేం పెట్టకుండా గంట సేపు బొగ్గు మండించండి, కొత్త ఇనప దోసె పెనానికి చేస్తాం చూడండి అట్టా. నల్లగా నిగనిగలాడుతూ తయారవుద్ది.

ఇంకోటి, వేపచెట్టు కింద అన్నారు. మరీ కొమ్మల కింద పెట్టొద్దు, ఆకు వాడిపోద్ది, ఎండాకులు నిప్పులో పడి ఎగిరి ఇంకో చోట వాలతాయి. సాయంత్రం సముద్రం గాలి తూర్పు నుంచి తోలుతుంది కదా మన వైపు, మూత తెరిచేటప్పుడు ఆ గాలికి మీ వీపు ఉండేలా నిలబడండి, పొగ కళ్ళలోకి రాదు. పక్కింటి వాళ్ళు ఎటు ఉన్నారో కూడా చూసుకోండి, బట్టలు ఆరేసుంటే పొట్లాటే.

ప్రశ్న: మాది ముత్తుకూరు పక్కన పల్లె. మా రొయ్యల చెరువు కాడ ఖాళీ డ్రమ్ములు చాలా పడున్నాయి. 200 లీటర్ల ఇనప డ్రమ్ము నిలువుగా కోయిస్తే రెండు గ్రిల్లులు అవుతాయి కదా, పైసా ఖర్చు లేదు. వీడియోల్లో కూడా అట్టానే చేస్తున్నారు.

జవాబు: వీడియోలో డ్రమ్ములో ఏం పోశారో కనపడదు, మీ డ్రమ్ములో ఏం పోశారో మీకు తెలుసు. చెరువుకి వాడే మందులవి, కెమికల్వి, డీజిల్వి ఏవైనా సరే దాంట్లో వండుకోవద్దు, ఎన్నిసార్లు కాల్చినా అతుకుల మధ్య, మడతల్లో ఉన్నది పోయిందని ఎవరూ చెప్పలేరు. వంటనూనె డ్రమ్ము దొరికితే అప్పుడు ఆలోచించండి, అది కూడా లోపల పూత ఉంటే బయట ఖాళీ జాగాలో బాగా కట్టెలేసి ఎర్రగా కాల్చి, గీకి, కడిగాకే.

దానికన్నా ముఖ్యం, కోసేటప్పుడు. ఖాళీ డ్రమ్ము అంటాం గానీ అది ఖాళీ కాదు, లోపల ఆవిరి ఉంటది, గ్యాసు కట్టరో గ్రైండరో పెట్టగానే ఒక్క నిప్పురవ్వకి పేలుద్ది. డ్రమ్ములు కోస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నోళ్ళు ఉన్నారు. కోసేవాడికి పని తెలిసుండాలి, డ్రమ్ము కడిగి, బిరడాలు తీసేసి, కోసే చోటు దాకా నీళ్ళు నింపి అప్పుడు కోస్తారు. ఇదేం తెలియనోడి చేతికి గ్రైండర్ ఇచ్చి పక్కన సెల్‌ఫోన్తో వీడియో తీస్తూ నిలబడొద్దు.

ఇంకా ఒక మాట, సగం డ్రమ్ము అంటే దాదాపు మూడు అడుగుల పొడుగు, రెండడుగులకి కాస్త తక్కువ వెడల్పు. పెళ్ళి భోజనాలకి సరిపోద్ది. నలుగురికి నాలుగు కోడి ముక్కలు కాల్చాలన్నా బొగ్గు ఎక్కువే పడుద్ది, ఫ్రీగా వచ్చిన గ్రిల్లు బొగ్గు ఖర్చులో వసూలు చేసుకుంటది.

ప్రశ్న: ఆన్‌లైన్లో బొగ్గు ఇటుకలు అని 3 కేజీల ప్యాకెట్ అమ్ముతున్నారు, చాలా ఖరీదు. మామూలు బొగ్గు వాడొచ్చా? నెల్లూర్లో ఎక్కడ దొరుకుద్ది? కిరోసిన్ కూడా దొరకట్లేదు, ఎట్టా అంటించాలి?

జవాబు: దిక్కులు చూడక్కర్లేదు, మీ వీధి ఇస్త్రీ బండాయన్ని అడగండి. బొగ్గుల ఇస్త్రీ పెట్టె వాడే ఆయనయితే బస్తా యాడ కొంటున్నాడో చెప్తాడు, లేకపోతే పొత్తులు కాల్చే బండి వాళ్ళని అడగండి, ఇద్దరికీ తెలియకుండా ఊళ్ళో బొగ్గు రాదు. మన వైపు వచ్చే బొగ్గు ఎక్కువగా చిల్లకంపది, మీరు సర్కారు తుమ్మ అంటారేమో, ఉదయగిరి, కనిగిరి వైపు బట్టీలు పెట్టి కాలుస్తారు. ఆ కంపని మనం తిట్టని రోజుండదు, పొలం ఆక్రమిస్తది, ముల్లు గుచ్చితే వారం సలుపు. 1877లో జమైకా నుంచి గింజలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురంలో నాటారు, అప్పట్నించి మొదలైంది. కానీ బొగ్గు మాత్రం గట్టిది, వేడి బాగా ఇస్తది, చాలాసేపు నిలుస్తది. దీని దగ్గరి చుట్టాన్నే అమెరికాలో టెక్సాస్ వైపు మెస్కీట్ అంటారు, గ్రిల్లు బొగ్గుగా దానికి అక్కడ మంచి గిరాకీ, ప్యాకెట్ల మీద పేరు పెద్దక్షరాల్లో వేసుకుని మరీ అమ్ముకుంటారు. మనం కంప అని విసుక్కునేది వాళ్ళకి స్పెషల్.

బస్తా కొనేటప్పుడు రెండు ముక్కలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టండి. బాగా కాలినదయితే గాజు ముక్కలా ఖంగుమంటది. డొప్‌మని మొద్దు శబ్దమొచ్చినా, విరిస్తే లోపల గోధుమ రంగు కట్టె కనపడినా అది సగం కాలిందే, పొగ పెట్టి చంపుద్ది. బస్తా అడుగున పొడి ఎక్కువుంటే బేరం ఆడండి, పొడి గ్రిల్లులో పోస్తే గాలి సందులు మూసుకుపోతాయి. తడిసిన బొగ్గయితే చిటపటమని రవ్వలు ఎగురుతాయి, ఒక రోజు ఎండలో వెయ్యండి. మీరన్న ఇటుకలు బొగ్గు పొడిలో గంజి లాంటిది కలిపి అచ్చు పోసినవి, సమానంగా, నిదానంగా మండుతాయి, బూడిద ఎక్కువ, నాలుగైదు గంటలు కాల్చేవాళ్ళకి బాగుంటాయి, మనకి అంత అక్కర్లేదు. కొబ్బరి చిప్పల బొగ్గు దొరికితే వదలొద్దు, అంటుకోవడం ఆలస్యం గానీ అంటుకుంటే వేడి మామూలుగా ఉండదు. రాక్షసి బొగ్గు మాత్రం వద్దు, కొలిమి కాడ చవగ్గా వస్తుందని తెచ్చారంటే గంధకం కంపుతో కూర పారబోసుకోవాలి.

కిరోసిన్ దొరక్కపోవడమే మంచిది, దొరికినా వద్దు, పెట్రోలు అన్న మాటే ఎత్తొద్దు. ఒక పెద్ద నూనె డబ్బా తీసుకుని పైనా కిందా కోసేసి, కింది నుంచి రెండంగుళాల ఎత్తులో రెండు ఊచలు అడ్డంగా దూర్చండి, ఆ ఊచల కింద చుట్టూ మేకుతో పది పన్నెండు కంతలు. ఊచల మీద బొగ్గు, కింద కొబ్బరి పీచు, ఎండు తాటాకు, రెండు న్యూస్‌పేపర్ ముక్కలు. అగ్గిపుల్ల గీసి వదిలెయ్యండి. పొగగూడులా గాలి కింద నుంచి పైకి లాగుద్ది, ఇరవై నిమిషాల్లో పైన ముక్కల అంచులు కూడా తెల్ల బూడిద పడతాయి, అప్పుడు పట్టకారుతో పట్టి గ్రిల్లులో బోర్లించడమే. కొత్త డబ్బాకి పైన రంగు ఉంటది కాబట్టి మొదటిసారి ఉత్తినే కాల్చండి. ఆరుగురికి కేజీన్నర, రెండు కేజీల బొగ్గు సరిపోద్ది.

ప్రశ్న: ఒంగోల్లో అపార్ట్‌మెంట్. బాల్కనీలో చిన్న గ్రిల్లు పెట్టుకోవచ్చా? వానొస్తే హాల్లోకి జరుపుకుందామని.

జవాబు: వద్దు. హాల్లోకి అసలే వద్దు. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తది, దానికి రంగుండదు, వాసనుండదు, తల తిరుగుతోందని కూర్చుంటారు, ఇక లేవరు. మంట ఆరి ఎర్ర నిప్పులు మాత్రమే మిగిలినప్పుడు కూడా వస్తూనే ఉంటది, పొగ లేదు కదా అని లోపలికి తేవద్దు. అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకుంటే డాబా మీద, నీళ్ళ ట్యాంకు పైపులకీ కేబుల్ వైర్లకీ దూరంగా పెట్టుకోండి, పక్కన ఒక బకెట్ ఇసక ఉంచుకోండి.

ప్రశ్న: అక్కా, నేను గ్రిల్లు కొన్నా, కోడి మాత్రం ప్రతిసారీ పైన నల్లగా మాడిపోద్ది, లోపల ఎముక దగ్గర నెత్తురే. తప్పు గ్రిల్లుదా నాదా? కోవూరు నుంచి.

జవాబు: గ్రిల్లుది కాదు, పాపం. అడుగంతా సమానంగా బొగ్గు పరుస్తున్నారు కదూ? ఈసారి బొగ్గంతా ఒక పక్కకి తోసి ఇంకో పక్క ఖాళీగా ఉంచండి. ముక్కలు ముందు బొగ్గు లేని వైపు పెట్టి మూత వేసి, కింద తలుపు సగం తెరిచి వదిలెయ్యండి, మధ్యలో ఒకసారి తిప్పండి, లెగ్ పీసులకి అరగంట పైనే పడుద్ది. లోపల ఉడికాక చివర్లో రెండు మూడు నిమిషాలు నిప్పు మీదకి జరిపితే ఆ కాలిన రంగూ వాసనా వస్తాయి. మీరు దీన్ని తిరగేసి చేస్తున్నారు.

సెగ ఎంతుందో తెలియాలంటే జాలీ ఎత్తులో అరచెయ్యి పెట్టి ఒకటీ రెండూ అని లెక్కపెట్టండి. రెండుకే లాగేసుకుంటే చాలా ఎక్కువ సెగ, రొయ్యలకీ చేప ముక్కలకీ పనికొస్తది. నాలుగైదు దాకా ఆగితే మధ్యస్తం. ఎనిమిదీ పదీ దాకా ఉంటే నిదానం సెగ, కోడి లోపల ఉడకడానికి అది. ఉడికిందా లేదా అనే అనుమానం తీరాలంటే ముక్కలో గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదేం కాదు, ఎముకకి తగలకుండా లావు చోట గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. మసాలాలో తేనో టమాటా సాసో కలుపుతున్నారేమో చూడండి, తీపి ఉంటే ముందు అదే మాడుద్ది, దాన్ని చివర్లో పూయండి. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు, నిమ్మకాయ, ఇంతవరకైతే ఫర్లేదు. కొవ్వు కారి భగ్గుమని మంట లేస్తే నీళ్ళు చల్లకండి, బూడిద లేచి ముక్కలకి అంటుద్ది, మూత వేసి రెండు తలుపులూ కాసేపు మూస్తే చాలు.

నాటుకోడి అయితే వేరే లెక్క, అది బొగ్గు మీద మెత్తబడేదాకా ఆగితే తెల్లారుద్ది. ఉప్పు పసుపేసి ముందే ఉడకబెట్టుకుని, ఆరాక మసాలా పట్టించి పైపైన కాల్చుకోండి. రొయ్యలయితే కొడవలిలా వంగి గులాబీ రంగు తిరగ్గానే తీసెయ్యండి, చుట్ట చుట్టుకున్నాయంటే రబ్బరే. ఇంకా, ముక్కలు గుచ్చడానికి సైకిల్ స్పోకులు వాడుతుంటారు మన వాళ్ళు, వాటిల్లో చాలావాటికి జింకు పూత ఉంటది, పైగా గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఊచ తిప్పితే ముక్క తిరగదు. బల్లపరుపుగా ఉండే స్టీలు ఊచలు తీసుకోండి.

ప్రశ్న: అమ్మాయీ, నాకు 70 దాటాయి, మాది కందుకూరు. మా అటక మీద మా అత్తగారి నాటి ఇనప కుంపటి ఉంది. మనవళ్ళు గ్రిల్లు కొందామని గోల చేస్తున్నారు. కుంపటి సరిపోదా? మేం మాంసం తినం.

జవాబు: అమ్మా, భేషుగ్గా సరిపోద్ది. మాంసం లేనప్పుడు మూత అవసరమే లేదు. దాని మీద సరిగ్గా కూర్చునే జాలీ ఒకటి చేయించండి, గుండ్రటిది, 6 మిల్లీమీటర్ల ఊచలతో, అంతే ఖర్చు. పొత్తులు, చిలగడదుంపలు, పనీరు ముక్కలు, మిరపకాయలు, టమాటాలు, అన్నిటికన్నా ముఖ్యం కాల్చిన వంకాయ పచ్చడి. గ్యాసు మీద కాల్చిన వంకాయకీ బొగ్గు మీద కాల్చినదానికీ తేడా మీకు నేను చెప్పేదేముంది. వాడే ముందు కుంపటి అడుగు తుప్పు పట్టి పొరలు లేస్తోందేమో సుత్తి వెనకతో తట్టి చూడమనండి, రేకు గట్టిగా ఉంటే మట్టితో లోపల మెత్తండి, మీ అత్తగారు కూడా మెత్తే ఉంటారు, వేడి నిలుస్తది, ఇనుమూ నిలుస్తది. విసనకర్ర మాత్రం మనవళ్ళ చేతికి ఇవ్వండి.

ప్రశ్న: మాది మైపాడు, సముద్రానికి దగ్గర. రెండేళ్ళలో రెండు గ్రిల్లులు తుప్పుకి పోయాయి. కవర్ కూడా కప్పాం. ఏం చెయ్యాలి?

జవాబు: కవరే కొంప ముంచింది. లోపల బూడిద వదిలేసి పైన ప్లాస్టిక్ కప్పితే ఉప్పు గాలి తేమంతా లోపలే ఉంటది, బూడిద ఆ తేమ పీల్చుకుని తడి ఆరనివ్వకుండా ఇనుముని తినేస్తది. మరుసటి రోజు, నిప్పు పూర్తిగా ఆరిందని చెయ్యి పెట్టి చూసుకున్నాక, బూడిద మొత్తం ఎత్తెయ్యండి, కరివేపాకు చెట్టుకి కాస్త కాస్త వేసుకోవచ్చు. అప్పుడే ఆరిందనుకున్న బూడిదని ప్లాస్టిక్ డస్ట్‌బిన్లో పోసినోళ్ళున్నారు, అది వేరే కథ, ఒక రోజంతా ఆగండి. జాలీ ఇంకా వేడిగా ఉండగానే ఉల్లిపాయ సగానికి కోసి ఫోర్కుకి గుచ్చి రుద్దితే మాడిందంతా వస్తుంది, తర్వాత గుడ్డతో నూనె పట్టించండి. పెట్టెకి కూడా నెలకోసారి నూనె. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి వానలు, తుఫాన్లు ఉండేదే, ఆ మూడు నెలలు బయట ఉంచకుండా బూడిద లేకుండా తుడిచి గోనెసంచి చుట్టి షెడ్డులో ఇటుకల మీద పెట్టండి. వచ్చేసారి కొనేటప్పుడు జాలీ ఒక్కటైనా స్టీలుది తీసుకోండి, 304 గ్రేడ్ అని అడగండి, పెట్టె పోయినా జాలీ మిగుల్తది, దాని కొలతకి ఇంకో పెట్టె చేయించుకోవచ్చు.